రమేశ్‌కి ఈమెయిల్ ఎక్కడిదండీ?

యూజర్ పర్సోనాలు (యాప్ వాడేవాళ్లకు నమూనాగా మనం కల్పించుకునే మనుషులు) నిజంగా పనికొస్తాయా, లేక క్లయింటుకు చూపించే స్లైడ్ల కోసమేనా అని అడిగారు. నేను రెండూ చూశాను.

కొన్నేళ్ల కిందట పత్తి రైతులకు విత్తనాలు, మందులు అమ్మే యాప్‌కి పనిచేశాను. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని, ఫోన్ సర్వే లెక్కలన్నీ కలిపి "రమేశ్"ని తయారుచేశాం: 42 ఏళ్లు, మూడెకరాలు, పదో తరగతి, స్మార్ట్‌ఫోన్, యూట్యూబ్. ఫోటో నెట్‌లో దొరికిన తలపాగా రైతుది. (తర్వాత మేం తిరిగిన ఊళ్లలో ఒక్క తలపాగా కనపడలేదు, అందరికీ భుజం మీద తువ్వాలే.)

అయినా రమేశ్ మేలే చేశాడు. ఈమెయిల్ తప్పనిసరి చేద్దామని మార్కెటింగ్ వాళ్లు పట్టుబడితే, "రమేశ్‌కి ఈమెయిల్ ఎక్కడిదండీ?" అన్న ఒక్క మాటతో గొడవ తెగిపోయింది. "యూజర్లకు కష్టం" అని ఉంటే ఇంకో గంట నడిచేది.

బోల్తా పడింది ఓటీపీ దగ్గర. వరంగల్ వైపు ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఖాతా ఆయన నంబరు మీద ఉంది, ఆ సిమ్ము బటన్ ఫోన్‌లో ఉంది. యాప్ ఏమో హనుమకొండ హాస్టల్లో ఉన్న కూతురి ఫోన్‌లో. "బాపూ, మెసేజ్ వచ్చిందా? నంబర్లు చెప్పు" అంటూ ఆ అమ్మాయి కాల్ చేసింది. ఆయన కాల్ కట్ చేసి, కళ్లజోడు వెతుక్కుని, మెసేజ్ తెరిచి, మళ్లీ ఫోన్ చేసి ఒక్కో అంకె చదివేసరికి మేం పెట్టిన 60 సెకన్లు అయిపోయాయి. మూడుసార్లూ అంతే. ఆఖరికి నవ్వి, "ఎందుకు బిడ్డా గీ లొల్లి, సేటు దగ్గర ఉద్దెర తెచ్చుకుంట" అన్నాడు.

మా రమేశ్ కార్డులో ఆ కూతురు లేదు, సేటూ లేడు. సగటు తీసి చేసిన మనిషి కదా! అమెరికా వైమానిక దళం 1950లో కొలిచిన 4,063 మంది పైలట్ల శరీర కొలతలు అక్కడి పరిశోధకుడు గిల్బర్ట్ డేనియల్స్ చూస్తే, పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ తేలలేదు. పర్సోనాలకు ఆద్యుడైన సాఫ్ట్‌వేర్ డిజైనర్ అలన్ కూపర్ కూడా 1983లో తన మొదటి పర్సోనా "క్యాథీ"ని అల్లింది మనుషులతో మాట్లాడాకే.

అందుకే మీరు రాసేటప్పుడు వయసు, హాబీలు వదిలేయండి. ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, డబ్బు ఎవరిస్తారు, ఇప్పుడు ఈ పని ఎలా జరుగుతోంది అన్నవి రాయండి. మేం ఓటీపీ గడువు 10 నిమిషాలకు పెంచాం. ఉద్దెర సంగతి మాత్రం యాప్‌తో తేలలేదు.