ఫార్వర్డ్ నుంచి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌కు మారిన కుర్రవాడు గిల్బెర్టో సిల్వా ఆటను ఎందుకు చూడాలి

ఫుట్‌బాల్‌లో ఇంతకాలం ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే ముందు వరుసలో ఆడుతున్న మీ తమ్ముడిని కోచ్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌కు, అంటే డిఫెండర్ల ముందు నిలబడి ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే స్థానానికి మార్చారని, అతను దాన్ని శిక్షగా భావించి ఆటే మానేస్తానంటున్నాడని, ఈ స్థానంలో ఆడి పేరు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. హైదరాబాద్‌లో కాలేజీ జట్టుకు నేను ఆడినన్నాళ్లూ ఈ స్థానంలోనే ఆడాను. ఇప్పుడు సెలవు రోజుల్లో పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ తమ్ముడికి బ్రెజిల్ ఆటగాడు గిల్బెర్టో సిల్వా మ్యాచ్‌లు చూపించండి. ఇదే స్థానంలో ఆడిన దుంగా 1994లో కెప్టెన్‌గా ప్రపంచ కప్పు అందుకున్నాడు, కాసెమిరో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌తో యూరప్ క్లబ్బుల అతి పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌ను 5 సార్లు గెలిచాడు. వాళ్ల పేరు ఇంకా పెద్దదే కావచ్చు. కానీ ఈ స్థానంలో చేసే పని ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో, అది లేకపోతే జట్టుకు ఏమవుతుందో గిల్బెర్టో ఆటలో కనిపించినంత స్పష్టంగా మరొకరి ఆటలో నాకు కనిపించలేదు.

అతను 1976లో మినాస్ జెరైస్ రాష్ట్రంలోని లగోవా ద ప్రాటా అనే చిన్న పట్టణంలో పేద కుటుంబంలో పుట్టాడు. ఇల్లు గడవడానికి మిఠాయిల ఫ్యాక్టరీలో కూడా పని చేశాడు. బ్రెజిల్‌లో 17 ఏళ్లకే యూరప్ క్లబ్బుల కంట్లో పడే కుర్రవాళ్లు ఎందరో ఉండగా, ఇతను 1997లో, ఇరవయ్యేళ్లు దాటాక అమెరికా మినేరో క్లబ్బులో చేరాడు, ఆ ఏడాదే ఆ జట్టు రెండో డివిజన్ గెలిచింది. 2000లో అట్లెటికో మినేరోకు మారాడు, 2001లో జాతీయ జట్టులోకి వచ్చాడు. ఆలస్యంగా మొదలైన జీవితమే ఇది.

2002 ప్రపంచ కప్పు గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి మ్యాచ్‌కు ముందు రోజు సాధనలో సరదాగా గోల్‌కీపర్‌గా నిలబడిన కెప్టెన్ ఎమర్సన్ భుజం జారిపోయి టోర్నీకే దూరమయ్యాడు. కెప్టెన్సీ కఫూకు వెళ్లింది, మైదానంలో ఆ ఖాళీ గిల్బెర్టోకు వచ్చింది. ఆ తర్వాత ఏడు మ్యాచ్‌లలో ఒక్క నిమిషం కూడా అతను బయట కూర్చోలేదు. ఆ జట్టులో రొనాల్డో, రివాల్డో, రొనాల్డినో ముందు ఆడేవారు, రెండు పక్కల నుంచి కఫూ, రొబెర్టో కార్లోస్ అదే పనిగా పైకి పరుగెత్తేవారు. ఇంతమంది ఒకేసారి ముందుకు వెళ్లినప్పుడు వెనుక ఏర్పడే ఖాళీకి కాపలా ఎవరు అన్న ప్రశ్నకు జవాబు గిల్బెర్టో. ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్ మన దగ్గర మధ్యాహ్నం వచ్చింది. హాస్టల్ టీవీ గదిలో నిలబడి చూశాను. బ్రెజిల్ 2-1 ఆధిక్యంలో ఉండగా 57వ నిమిషంలో రొనాల్డినోకు రెడ్ కార్డ్ చూపించారు. ఇక మిగిలిన అరగంటా పదిమందితోనే ఆడిన బ్రెజిల్‌పై ఇంగ్లండ్ మళ్లీ గోల్ కొట్టలేకపోయింది. అప్పుడు గిల్బెర్టో ఎక్కడా ఒంటికాలి మీద లేచి ఎవరి మీదకూ దూకలేదు. డిఫెండర్లకు పది పన్నెండు అడుగుల ముందు, బంతి ఎటు కదిలితే అటు నాలుగడుగులు జరుగుతూ, మధ్యలోంచి వెళ్లే పాస్ దారిని మూసేశాడు. దాంతో వాళ్లు దూరం నుంచి బంతిని ఎత్తి వేయాల్సి వచ్చింది.

మన మట్టి మైదానాల్లో ఈ పని ఇంకా విలువైనదని నా అనుభవం. నేల గట్టిగా ఉండి బంతి ఎగిరిపడుతుంది కాబట్టి, గోల్‌కీపర్ దూరంగా కొట్టిన బంతి కోసం ఇద్దరు గాల్లోకి ఎగిరినప్పుడు వాళ్లలో ఒకరి తలకు తగిలిన బంతి ఎక్కడ పడుతుందన్నదే సగం మ్యాచ్‌ను తేలుస్తుంది. మా కోచ్ నన్ను ఎగరవద్దనేవారు. ఎగిరేవాళ్ల భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి, ఆ వైపు ముందే నిలబడమనేవారు. మరొక విషయం, బంతి అందుకోకముందే మెడ తిప్పి వెనుక ఎవరున్నారో చూడటం. వెనుక నుంచి మనిషి వస్తున్నాడని ముందే తెలిసినవాడు ఒక్క తాకుతో పాస్ ఇచ్చేస్తాడు. తెలియనివాడు బంతిని ఆపుతాడు, అక్కడే పోగొట్టుకుంటాడు. ఫార్వర్డ్ బంతి పోగొట్టుకుంటే వెనుక పదిమంది ఉంటారు, ఈ స్థానంలో పోగొట్టుకుంటే డిఫెండర్లు తప్ప ఎవరూ ఉండరు.

ప్రపంచ కప్పు గెలిచిన వేసవిలోనే గిల్బెర్టో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కు వెళ్లాడు. మిడ్‌ఫీల్డర్ ప్యాట్రిక్ వియెరా పక్కన ఆడుతూ 2003-04 లీగ్‌లో 26 విజయాలు, 12 డ్రాలతో ఒక్క ఓటమీ లేని జట్టులో భాగమయ్యాడు. మరుసటి సీజన్ మొదట్లోనే వెన్ను ఎముక విరిగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అతను లేని ఆ నెలల్లో ఆర్సెనల్ టైటిల్‌కు దూరమవుతూ వచ్చింది, దానికి వేరే కారణాలు కూడా ఉన్నా, జట్టు నడుము బలహీనపడటం ముఖ్య కారణమని నేను నమ్ముతాను. తిరిగి వచ్చి ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ 2005 ఫైనల్ ఆడి గెలిచాడు. వియెరా వెళ్లిపోయాక, కుర్రవాడైన మిడ్‌ఫీల్డర్ ఫాబ్రెగాస్ పక్కన ఉండగా ఆడిన 2005-06 చాంపియన్స్ లీగ్‌లో ఆ జట్టు వరుసగా 10 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఫైనల్ దాకా వెళ్లింది.

గోల్స్ కొట్టే అవకాశం పోతుందన్నది మీ తమ్ముడి బెంగ అని రాశారు. పూర్తిగా పోదు. 2002 సెమీఫైనల్‌లో తుర్కియేపై బ్రెజిల్ గెలిచిన ఏకైక గోల్‌కు ఎడమవైపు నుంచి బంతిని ముందుకు తెచ్చి రొనాల్డోకు అందించింది గిల్బెర్టోనే. అదే ఏడాది ఆర్సెనల్ తరఫున నెదర్లాండ్స్ క్లబ్బు పీఎస్‌వీ ఐండ్‌హోవెన్‌పై ఆట మొదలైన 21 సెకన్ల లోపే గోల్ కొట్టాడు, చాంపియన్స్ లీగ్‌లో అప్పటికి అదే వేగవంతమైన గోల్. 2006-07లో పెనాల్టీలు కూడా తీసుకుంటూ లీగ్‌లో 10 గోల్స్ చేశాడు.

ఆ మరుసటి ఏడాది అతని స్థానంలో అదే జట్టులోని ఫ్లామిని ఆడటం మొదలైంది, గిల్బెర్టో ఎక్కువగా బెంచ్‌కు పరిమితమయ్యాడు. అంతటి సీజన్ తర్వాత అలా కూర్చోవడం ఎంత కష్టమో ఆడినవారికి తెలుస్తుంది. 2008లో గ్రీస్‌లోని పనథినైకోస్ క్లబ్బుకు వెళ్లి, 2010లో అక్కడ లీగ్, కప్ రెండూ గెలిచాడు, ఆ ఏడాదే తన మూడో ప్రపంచ కప్పు కూడా ఆడాడు. ఆపైన స్వదేశానికి తిరిగివచ్చి, 2013లో దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబెర్టడోరెస్ గెలిచిన అట్లెటికో మినేరో జట్టులో ఉన్నాడు.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇదీ. గోల్స్ మాత్రమే ఉండే ముక్కలు కాకుండా, ఇంగ్లండ్‌తో ఆ క్వార్టర్ ఫైనల్ పూర్తి మ్యాచ్ దొరికితే 57వ నిమిషం నుంచి చూపించండి. బంతిని చూడవద్దని, గిల్బెర్టో ఒక్కడినే చూడమని చెప్పండి: కఫూ పైకి వెళ్లినప్పుడు అతను ఎటు జరిగాడు, బంతి రాకముందు ఎన్నిసార్లు మెడ తిప్పాడు, అందుకున్నాక ఎన్ని తాకుల్లో వదిలాడు. అది చూశాక కూడా మీ తమ్ముడికి ఫార్వర్డ్‌గానే ఆడాలనిపిస్తే, ఆ మాట నేరుగా కోచ్‌తోనే చెప్పమనండి. ఈ స్థానంలో మనసు లేకుండా నిలబడితే జట్టుకూ నష్టమే, అతనికీ నష్టమే.