థీసిస్ ఆలస్యమయ్యేది రాతలో కాదు, ముడిసరుకు దగ్గర

మీరు అడిగింది ఇదీ: ఒకే హాస్టల్లో ముగ్గురు పీహెచ్‌డీలో చేరారు. ఒకరిది వ్యవసాయం, ఒకరిది ఎకనామిక్స్, ఒకరిది తెలుగు. ముగ్గురికీ పనికొచ్చే ప్రణాళిక ఒకటి ఉంటుందా, రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

సమర్పణకు ముందు థీసిస్‌లను సరిచూడడం నా పని. అన్ని శాఖలవీ చేతికొస్తాయి కాబట్టి చెబుతున్నా: కోర్సువర్క్, సినాప్సిస్ (పరిశోధన సారాంశం), ప్రీ-సబ్మిషన్ (సమర్పణకు ముందు శాఖలో చేసే ప్రదర్శన), వైవా (మౌఖిక పరీక్ష) అనే వరస అందరికీ ఒకటే గానీ ప్రణాళిక ఒకటి కాదు. యూజీసీ 2022 నిబంధనల్లో కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. ఆ ఆరేళ్లను చాప్టర్ల లెక్కన పంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. చాప్టర్ రాయడానికి నెలో రెండు నెలలో చాలు. దాని వెనకున్న సమాచారం ఎక్కడి నుంచి రావాలో, అక్కడ ఎన్నాళ్లు ఆగాలో ముందు తేల్చుకోవాలి.

వ్యవసాయంవారికి ఆ సంగతి కాలం చెబుతుంది. జూన్‌లో ట్రయల్ వేయలేకపోతే మళ్లీ వచ్చే జూనే. రెండు సీజన్ల డేటా కలిపి చూపించాలంటే మొదటి ఏడాది కోర్సువర్క్ నడుస్తుండగానే పొలం ఖాయం చేసుకోవాలి. ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే పద్ధతులు), రెప్లికేషన్లు (ఒక్కోదాన్ని ఎన్నిసార్లు వేస్తారో ఆ లెక్క) నిర్ణయించేటప్పుడు ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఫలితాల్లో తేడా నిజమా యాదృచ్ఛికమా తేల్చడానికి ఆధారమయ్యే అంకె, 12కు తగ్గకుండా చూడండి. ఆర్‌బీడీలో (పొలాన్ని బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులో ట్రీట్‌మెంట్లను లాటరీ వరసలో వేసే పద్ధతి) రెండు సంఖ్యల్లోంచీ ఒక్కోటి తీసేసి గుణిస్తే ఆ అంకె వస్తుంది: 5 ట్రీట్‌మెంట్లకు 3 రెప్లికేషన్లు పెడితే 4×2, అంటే 8 మాత్రమే. 4 పెడితే 12. 7 ట్రీట్‌మెంట్లయితే మూడే చాలు. ఎనిమిదితో సరిపెట్టుకుంటే క్రిటికల్ డిఫరెన్స్ (నిజమైన తేడాగా లెక్కించడానికి ఉండాల్సిన కనీస తేడా) పెద్దదైపోతుంది. దిగుబడిలో కంటికి కనిపించే తేడా కూడా పట్టికలో ‘ఎన్ఎస్’ (నాన్-సిగ్నిఫికెంట్, లెక్కలోకి రాని తేడా) అని తేలుతుంది. అప్పుడు గైడ్ ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

దుక్కికి ముందు మట్టి నమూనా తీయడం మరిచిపోయిన థీసిస్‌ను ఎవరూ కాపాడలేరు. 0-15 సెంటీమీటర్ల లోతున, పొలమంతా జిగ్‌జాగ్‌గా తిరిగి పదిహేను చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తగ్గించండి. ఎరువు వేశాక తీసిన మట్టితో ‘ప్రారంభ’ నత్రజని లెక్క చూపిస్తే ఎగ్జామినర్ ఇట్టే పట్టేస్తారు. ఎత్తు కొలవడానికి ట్యాగ్ కట్టిన ఐదు మొక్కలు నెట్ ప్లాట్‌లో (అంచు సాళ్లు వదిలేసి దిగుబడి తూచే భాగం) ఉండాలి. డ్రై మ్యాటర్ (ఎండబెట్టిన మొక్క బరువు) కోసం పీకే మొక్కలు నెట్ ప్లాట్ బయట, అందుకని వదిలిన సాలులోంచి రావాలి. దిగుబడి తూచే చోట మొక్కలు పీకి, తర్వాత హెక్టారుకు లెక్కగట్టి, ‘దిగుబడి ఎందుకు తగ్గింది’ అని నెలలు తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. కాగితం ట్యాగులు మొదటి వానకే పోతాయి, అల్యూమినియంవి కట్టండి.

ఎకనామిక్స్‌వారికి డేటా ఉచితంగా దొరుకుతుంది. చిక్కంతా దాన్ని చదవడంలో ఉంది. జిల్లాల వారీ కాలశ్రేణి వేయబోతున్నారా? 2014లో 10 జిల్లాలున్న తెలంగాణ 2016లో 31, 2019లో 33 జిల్లాలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఖమ్మం నుంచి ఏడు మండలాలు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ‘వరంగల్’ అన్న పేరు 2011లోనూ 2021లోనూ కనిపిస్తుంది, కానీ రెండింటి విస్తీర్ణం వేరు. అలాంటి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి వృద్ధిరేటు తీస్తే అది అచ్చు తప్పు కాదు, అధ్యాయమే తప్పు. 2011 జనగణన గ్రామ కోడ్‌లను ఆధారం చేసుకుని, కొత్త మండలాలను పాత జిల్లా సరిహద్దుల్లోకి తిరిగి కూర్చండి. మండలాలు కూడా చీలాయి కాబట్టి మండలం పేరును నమ్మితే సరిపోదు. ఈ పట్టిక ఒక్కటే రెండు వారాలు తింటుంది.

ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) యూనిట్ లెవల్ ఫైళ్లు, అంటే ఇంటింటి జవాబుల ఫైళ్లు వాడితే మల్టిప్లయర్ (నమూనాలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు బదులో చెప్పే గుణకం) సంగతి ముందే చూడండి. చాలా రౌండ్లలో (విడతల్లో) సర్వే పేరుతో సంబంధం లేకుండా ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అనే రెండు నిలువు వరుసలుంటాయి. రెండూ సమానమైతే మల్టిప్లయర్‌ను 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఆ రౌండ్ రీడ్‌మీ చదవకుండా ముందుకు పోవద్దు. భాగించడం మరిచిపోతే రాష్ట్ర జనాభా దేశాన్ని మించిపోతుంది, కాబట్టి ఆ తప్పు ఎలాగూ తెలుస్తుంది. కొన్ని రికార్డులకు 200 బదులు 100 వాడితేనే ప్రమాదం, ఎందుకంటే అంకె నమ్మేలాగే ఉంటుంది. అచ్చయిన రిపోర్టులోని ఒక పట్టికను ముందు మీరే తిరిగి తీసి, దశాంశం దాకా కలిసిందా చూడండి. అది కలిశాకే సొంత లెక్కలు.

సొంతంగా సర్వే చేస్తే ఫారంలో భూమి విస్తీర్ణం రాసే గడి జాగ్రత్త. తెలంగాణ రైతు 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 2.50 ఎకరాలు. కోస్తా రైతు 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, అది 2.20 ఎకరాలే. రెండు రాష్ట్రాల ఫారాలు ఒకే ఎక్సెల్ షీట్‌లో పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఎకరాలకో గడి, గుంటలు లేదా సెంట్లకో గడి విడిగా పెట్టండి. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘పూర్తిగా విభేదిస్తాను’ వరకు ఐదు మెట్ల ప్రశ్నలు ఊళ్లో నిలబడి అడిగితే వచ్చే జవాబు ‘అవునండీ’ ఒక్కటే. మూడు మెట్లు చాలు. ముందు 25-30 మందిని అడిగి చూసి, మాటలు మార్చుకోండి.

తెలుగువారి ముడిసరుకు పుస్తకాలూ పత్రికలూ. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్లకు వెళ్తే ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారా అని ముందే కనుక్కోండి. తీసేటప్పుడు మొదటి ఫొటో ముఖపత్రం, రెండోది సంపుటి, సంచిక, తేదీ ఉన్న పేజీ, ఆ తర్వాతే వ్యాసం. ఈ వరస తప్పితే ఆరునెలల తర్వాత గ్యాలరీలో మూడొందల అనాథ పేజీలు మిగులుతాయి. పాత ముద్రణల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే తొందరపడొద్దు. ‘ప్రభవ’ అంటే 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కూడా కావచ్చు. ముద్రాపకుడి పేరు, వెల, కాగితం చూసి తేల్చాలి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ (అక్కడి రెవెన్యూ సంవత్సరం) ఉంటే క్రీస్తుశకం కోసం 590 కలపండి, కానీ జనవరి నుంచి వచ్చే నెలలకు 591. ఎవరు పరిష్కరించిన ముద్రణో రాయకుండా పద్యం ఎత్తి రాస్తే పాఠాంతరం (ముద్రణకో రకంగా ఉండే మాట) దగ్గర వైవాలో దొరికిపోతారు.

ఇక ఫాంటు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన థీసిస్ తెర మీద తెలుగులా కనిపించినా లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల గుర్తులే. ఇతరుల రాతలతో పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌కు అది అర్థంకాని గజిబిజి, కాబట్టి 0 శాతం అని చూపిస్తుంది. సంతోషపడకండి, ఆ సున్నాను చూసే లైబ్రరీవాళ్లు వెనక్కి పంపుతారు. చివర్లో కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు, అరసున్నలు, బండి ఱ దెబ్బతింటాయి. పద్యాలున్న ప్రతి పేజీనీ మూలంతో పెట్టి చదువుకోవాలి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైపు చేయండి. అందులోనూ ఒక చిన్న చికాకుంది: ‘కాలేజ్‌లో’ అని రాసేటప్పుడు ‘జ్’ తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి వేస్తాం. ఒకచోట వేసి ఇంకోచోట వేయకపోతే వెతుకులాటలోనూ పదసూచికలోనూ అవి రెండు వేర్వేరు పదాలు.

పక్క గదుల వాళ్ల కోసం రెండు మాటలు. కెమిస్ట్రీవారు కార్బన్ ఎన్ఎంఆర్‌కు (అణువు నిర్మాణం చూపే పరీక్ష) నమూనా 20 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా పెట్టుకోండి, వేరే ఐదారు మిల్లీగ్రాములు సీసాలో దాచండి. స్పెక్ట్రమ్ పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా ముడి ఎఫ్ఐడీ (యంత్రం నమోదు చేసిన అసలు సంకేతం) ఫోల్డర్ తెచ్చుకోండి. క్లోరోఫామ్-డీ ద్రావణిలో తీసిన ప్రోటాన్ స్పెక్ట్రమ్‌లో 4.12, 2.05, 1.26 పీపీఎం దగ్గర మూడు శిఖరాలూ కనిపిస్తే అది మీ కాంపౌండ్ కాదు, మిగిలిపోయిన ద్రావణి ఇథైల్ అసిటేట్. వైద్యంలో ఎండీ థీసిస్‌కు ఎంతమంది రోగులు కావాలో తేల్చే 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ సూత్రం (పీ జబ్బు వ్యాప్తి శాతం, క్యూ వందలో మిగిలింది, ఎల్ ఒప్పుకునే తేడా) వాడేటప్పుడు ఎల్ ఏమిటో రాయండి: వ్యాప్తి 30 శాతం అయితే ఎల్‌ను 10గా తీసుకుంటే 84 మంది చాలు, అదే ముప్పైలో 20 శాతం, అంటే 6 తీసుకుంటే 234 మంది కావాలి. ఎథిక్స్ కమిటీ ఉత్తరం తేదీ మొదటి రోగి చేరిన తేదీకన్నా ముందుండాలి. దీనికి తర్వాత మందు లేదు. కంప్యూటర్స్‌వారు ఒకే వార్తలోని వాక్యాలను ప్రోగ్రామ్‌కు నేర్పే ట్రైనింగ్‌కూ, నేర్చుకుందో లేదో చూసే టెస్ట్‌కూ పంచొద్దు.

రాయడం ఎప్పుడంటే, పద్ధతుల అధ్యాయం పని జరుగుతున్న వారంలోనే. పరికరం మోడల్, మందు మోతాదు, ఫారం నంబరు రెండేళ్ల తర్వాత గుర్తుండవు. సాహిత్య సమీక్ష ఇప్పుడు సగం, చివర్లో సగం. పీఠిక అన్నిటికన్నా ఆఖరున. పోలికల పరీక్షను ప్రీ-సబ్మిషన్‌కు ముందే ఒకసారి చేయించుకోండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఆరునెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆధారం చూపిన ఉల్లేఖనలు, రిఫరెన్సుల జాబితా, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసిన మాటలు లెక్కలోకి రావు, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ మినహాయింపులు పెట్టమని మీరే అడగాలి. సాధారణంగా పెద్ద ఎర్రగీత పడేది మీరే అచ్చేసుకున్న పేపర్ల మీద. ఆ పేపర్ల జాబితా, అవి ఈ థీసిస్‌లోంచే వచ్చాయని గైడ్ ఇచ్చిన ధ్రువపత్రం రెండూ రిపోర్టుకు జతచేయండి.