కారు ఇంజన్ రేస్ చేస్తే స్పీకర్లలో కూత: ముందు యాంప్ ఎర్త్ చూడండి

మీ కారులో యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతోందనీ, ఇంజన్ ఆపితే పోతోందనీ రాశారు. అంటే అది ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) కూతే అండీ. స్పీకర్లు మార్చమన్నవాళ్ళ మాట వినకండి, డబ్బు దండగ.

సిస్టమ్ ఆపేసి, యాంప్ (స్పీకర్లకి సౌండ్ పెంచి పంపే యాంప్లిఫయర్) దగ్గర ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్‌కి సౌండ్ తెచ్చేవి) తీసి, మళ్ళీ స్టార్ట్ చేయండి. అప్పటికీ కూత ఉంటే తేడా యాంప్ ఎర్త్‌లోనో (కారు బాడీకి కలిపే నెగెటివ్ వైరు) పవర్ వైరులోనో ఉంది. ఆగిపోతే స్టీరియో వైపు నుంచి వస్తోంది.

ఎర్త్ సీటు బోల్టుకి ఇచ్చానన్నారు కదా, నా అనుమానం అక్కడే. ఆ బోల్టు చుట్టూ పెయింటు ఉంటుంది. డిక్కీలో బాడీ రేకుని రూపాయి బిళ్ళంత మేర ఎమ్రీ పేపర్‌తో రుద్ది, తళతళలాడాక ఎర్త్ వైరు చివరి లగ్ (రింగు) బిగించండి. రంధ్రం వేసేముందు కింద పెట్రోల్ ట్యాంకు, పైపులు లేవని చూసుకోండి. ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, పొడవు అరమీటరు లోపు. పాట గట్టిగా మోగుతుండగా యాంప్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ ఇంకా కుదరనట్టే.

స్టీరియో వైపే అని తేలితే, ఆర్‌సీఏ బయటి రింగుకీ స్టీరియో ఇనప డబ్బాకీ ఓ వైరు ముక్క తాకించండి. కూత టక్కున ఆగిందా, లోపలి ఎర్త్ తెగిందన్నమాట. ఆర్‌సీఏ, పవర్ వైర్లు రెండూ ఒకే పక్క లాగి ఉంటే విడదీయండి. ఐసొలేటర్ (కూత ఆపడానికి ఆర్‌సీఏ వైర్ల మధ్య పెట్టేది) జోలికి ఇప్పుడే వెళ్ళకండి, చవకవి బేస్ తినేస్తాయి.

అన్నట్టు, మీరు పెట్టిన ఫొటోలో బ్యాటరీ దగ్గర ఫ్యూజు కనబడలేదు. అది వేసేదాకా పవర్ వైరు ఊడదీసి ఉంచండి.