ఫార్చ్యూనర్‌కి ఏ టైర్లు వేయిస్తే జనవరిలో మంచులోకి వెళ్ళొచ్చు?

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ళ కిందట నేనే అడిగినట్టుంది. ఫోర్ బై ఫోర్ ఫార్చ్యూనర్, 58 వేల కిలోమీటర్లు తిరిగిన కంపెనీ టైర్లు, ఎలాగూ మార్చాలి. జనవరిలో హైదరాబాద్ నుంచి పిల్లలతో మనాలి దాటి సిస్సు దాకా పోవాలి. ఒక షాపువాడు ఏటీ (ఆల్ టెర్రైన్, అంటే రోడ్డుకీ మట్టిదారికీ రెండిటికీ పనికొచ్చేవి) అంటాడు, పక్క షాపువాడు మడ్ టైర్లంటాడు, యూట్యూబ్‌లో ఇంకొకాయన అసలు స్నో టైర్లే వేయాలంటాడు. నాలుగు కొనాలా, స్టెప్నీతో కలిపి ఐదూ కొనాలా అనేది ఇంకో సందేహం. నాదీ అదే బండి, అదే 265/60 ఆర్18 సైజు. రెండు చలికాలాలు పైకి వెళ్ళి వచ్చాను. ఒకసారి తప్పుడు టైర్లతో, ఒకసారి సరైనవాటితో.

తప్పుడుది ముందు చెప్తా. పాత కంపెనీ టైర్లలో గాడి లోతు ఇంకా 5 మిల్లీమీటర్లుంది కదా, చాల్లే అనుకుని అలాగే బయల్దేరా. అటల్ టన్నెల్‌కి ఇవతల మంచు తీసేసి ఉంది, రోడ్డు నల్లగా కనిపిస్తోంది. 9 కిలోమీటర్ల సొరంగం దాటి అవతల తేలితే లోకమంతా సున్నం కొట్టినట్టుంది. నాలుగు చక్రాలూ తిరిగే 4హెచ్ మోడ్‌లో వేశా. బండి ఎక్కడా జారకుండా హాయిగా పోతుంటే నాకు లేని ధైర్యం వచ్చింది, కొంప ముంచింది ఆ ధైర్యమే. సిస్సు వైపు దిగే మలుపులో ముందు వెళ్తున్న ఆల్టో ఆగింది. నా స్పీడు 20 కూడా లేదు. బ్రేక్ తొక్కితే పాదం కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గరగరమంటోంది, బండి మాత్రం తన మానాన తను పోతోంది. రెండు టన్నుల పైచిలుకు బరువు. మా ఆవిడ "ఆపండీ" అని అరుస్తోంది, నేను ఆపుతూనే ఉన్నా! చివరికి స్టీరింగ్ ఎడమకి తిప్పి, పక్కన పోసిన మంచు కుప్పలో బండి ముక్కు గుచ్చా. ఆల్టోకీ మాకూ మధ్య జానెడు ఖాళీ.

ఆల్టో డ్రైవరు లోకల్ కుర్రాడు, ముందు చక్రాలకి చైన్లు (మంచులో జారకుండా టైరుకి చుట్టే గొలుసులు) వేసుకున్నాడు. దిగొచ్చి నన్నేమీ అనలేదు. మా టైరు మీద బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూసి, ఇది రాయి సార్, టైరు కాదు అన్నాడు హిందీలో. నేనూ నొక్కి చూశా. నిజమే, గోరు దిగట్లేదు.

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో తెలుసుగా, రబ్బరుదీ కొంచెం అదే కథ. మామూలు రోడ్డు టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల కిందికి పోయేసరికి బిగుసుకోవడం మొదలవుతుంది. అది కాక నాలుగేళ్ళు మన ఎండల్లో కాలిన టైరు ముందే గట్టిపడి ఉంటుంది. గాడి ఎంత లోతున్నా పట్టు రాదు. ఫోర్ బై ఫోర్ నాలుగు చక్రాలనీ తిప్పి బండిని ముందుకు నెడుతుందే గానీ ఆపడానికి పైసా సాయం చేయదు. బ్రేకులు అన్ని బండ్లకీ నాలుగు చక్రాల మీదే పనిచేస్తాయి కదా.

అలాగని స్నో టైర్లకి పోకండి. వాటి రబ్బరు చలికి మెత్తగా ఉండేలా చేస్తారు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఉప్పల్ రోడ్డు మీద అది పెన్సిల్ రబ్బరులా అరుగుతుంది, బ్రేకు కూడా సరిగ్గా పడదు. పది రోజుల మంచు కోసం మిగతా 355 రోజులు పాడుచేసుకున్నట్టే. మడ్ టైర్లు చూడ్డానికి రాక్షసంగా ఉంటాయి కాబట్టి మంచులో ఇరగదీస్తాయనుకుంటారు. ఆ పెద్ద పెద్ద గడ్డలు బురదకీ, లోతైన మెత్తని మంచుకీ పర్వాలేదు. బండ్లు తొక్కి తొక్కి నున్నగా అయిన మంచు మీద కావాల్సింది గడ్డ మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి చీలికలు, అవి మడ్ టైర్లలో తక్కువ. ఓఆర్ఆర్ మీద వాటి రొద గురించి నేను చెప్పక్కర్లేదు.

మిగిలింది ఏటీ. అందులోనూ అన్నీ ఒకటి కావు, అసలు మెలిక ఇక్కడే ఉంది. టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద 'ఎం ప్లస్ ఎస్' (మడ్, స్నో) అనే అక్షరాలు చాలా వాటికి ఉంటాయి. అది గాడి ఆకారాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే ముద్ర, దాని వెనక మంచు పరీక్షేమీ ఉండదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు బొమ్మ. మంచు మీద పరీక్షించి, నిర్ణీత స్థాయి పట్టు చూపిన వాటికే ఆ బొమ్మ వేస్తారు. బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ2, యోకొహామా జియోలాండర్ జీ015 ఆ గుర్తుతో వచ్చే రకాలు. నేను రెండోది వేయించా. కానీ పేరు చూసి డబ్బులు కట్టేయకండి, ఒకే మోడల్లో కొన్ని సైజులకి గుర్తు ఉండి కొన్నిటికి లేకపోవచ్చు. ఫోన్ లైటు వేసి మీ కళ్ళతో చూడండి. అమెరికాలో ఆ పరీక్షలో కొలిచేది ముఖ్యంగా మంచు మీద లాగే శక్తిని, గడ్డకట్టిన ఐసు మీద ఆగడాన్ని కాదు. కాబట్టి ఆ బొమ్మ ఉందని రెచ్చిపోకూడదు.

2020లో టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టాక బయటి బ్రాండ్లు మనకి దొరకడం కష్టమైంది. అందుకే పాత సరుకు అంటగడతారు. రాణిగంజ్‌లో ఒక షాపతను "ఫ్రెష్ స్టాక్ అన్నా, మొన్ననే దిగింది" అంటూ టైరు దొర్లించుకొచ్చాడు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూస్తే మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లెక్క కడితే రెండేళ్ళు దాటింది. వేలితో చూపిస్తే నవ్వేసి "అది గోడౌన్ డేటు" అన్నాడు! ఇంకో షాపులో మూడు నెలల నాటివి దొరికాయి. లోడ్ అంకె 110, అంటే టైరుకి 1060 కిలోలు, అంతకంటే తగ్గించకండి. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం మనకి అక్కర్లేదు, బరువెక్కువ, కుదుపులెక్కువ.

హైదరాబాద్‌లో వాటితో బతుకు ఎలా ఉందంటే, 90 దాటితే సన్నగా హోరు వినిపిస్తుంది, లీటరుకి దాదాపు ఒక కిలోమీటరు తగ్గింది. గుంతల్లో మాత్రం హాయి. వానలో మంచి హైవే టైరంత గట్టిగా పట్టదు, ముందు బండికి కాస్త ఎడం పాటిస్తా.

రెండోసారి ఫిబ్రవరిలో స్పితి వెళ్ళాం, కుంజుమ్ పాస్ మూసేస్తారు కాబట్టి సిమ్లా, కిన్నౌర్ మీదుగా. గట్టిపడ్డ మంచు మీద తేడా మొదటి బ్రేకులోనే తెలిసింది, గరగర వచ్చింది గానీ బండి ఆగింది. గాలి సంగతి ఒకటి గమనించా. ఇక్కడ హైదరాబాద్‌లో 33 పీఎస్ఐ పెట్టించా. స్పితిలోని కాజా ఊళ్ళో తెల్లారి కొలిస్తే 30 చూపించింది. ఆ చలికి దాదాపు 7 పీఎస్ఐ తగ్గాలి, కానీ 3,600 మీటర్ల పైన బయటి గాలి పల్చన కాబట్టి గేజ్‌లో నాలుగైదు తిరిగొస్తుంది. కాబట్టి కంగారుపడి ఎక్కువ కొట్టించకండి. దిగొచ్చాక మళ్ళీ చూసుకోండి.

చైన్లు తప్పకుండా కొనండి. ఊటలు రోడ్డుకి అడ్డంగా పారి రాత్రికి అద్దంలా గడ్డకట్టే చోట్లు ఆ దారిలో చాలా ఉన్నాయి. దాని మీద ఏ ఏటీ టైరూ నిలవదు. చైన్లు వేసుకోవాలి, లేదా ఎండెక్కేదాకా టీ తాగుతూ కూర్చోవాలి. మేం రెండూ చేశాం. ఏ చక్రాలకి వేయాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇక్కడే ఒకటి రెండుసార్లు వేసి తీసి చూడండి. నేను మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తుంటే వాచ్‌మన్ వచ్చి "దొంగల భయమా సార్, బండికి గొలుసులేస్తున్నరు?" అన్నాడు. అక్కడ 40 నిమిషాలు పట్టింది. సున్నా కింద వేళ్ళు కొంకర్లు పోతుంటే ఎంతసేపు పట్టేదో.

స్టెప్నీ గురించి అడిగారు. నేను నాలుగే కొని, పాతవాటిలో మంచిది ఐదోదిగా పెట్టుకున్నా. అది వేయాల్సొస్తే 4హెచ్ తీసేసి పంక్చర్ షాపు దాకా మెల్లగా పోవాలి, అరిగినదీ కొత్తదీ కలిపి ఫోర్ బై ఫోర్‌లో తోలితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. డబ్బుకి ఇబ్బంది లేకపోతే ఐదూ ఒకేసారి కొనేయండి.