చెవి గొడవలు

ఈసారి సంచిలో వచ్చిన ఉత్తరాలన్నీ చెవి చుట్టూనే తిరిగాయి. ఎందుకో తెలియదు, అందరికీ ఒకేసారి చెవి మీద కోపం వచ్చినట్టుంది.

ప్రశ్న: లైటు తీసి పడుకోగానే దోమ సరిగ్గా చెవి దగ్గరికే వస్తుంది. ఒళ్ళంతా ఉండగా చెవే ఎందుకండీ?

జవాబు: దానికి మీ చెవితో పనేమీ లేదు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఆనవాలు పట్టుకుని వస్తుంది. ముక్కూ నోరూ ఉన్న తలకే చెవులూ ఉన్నాయి, అదీ చిక్కు. కాళ్ళ దగ్గరా తిరుగుతుంది, మీకు వినపడదు, అంతే. ఆ మోత రెక్కలది. సెకనుకి కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయి. కుట్టేది ఆడదోమే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి.

మొన్న రాత్రి రెండు గంటలకి నేను లైటు వేసి, కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో మడిచిన పేపరుతో మంచం మధ్యలో కూర్చున్నాను. అలికిడి లేదు. పది నిమిషాలు గోడలన్నీ వెతికి లైటు తీశాను. జుయ్‌మంది. చీకట్లో లాగి ఒక్కటిచ్చాను. దోమ తప్పించుకుంది, చెంప తప్పించుకోలేదు. పక్కనుంచి మా ఆవిడ, "దొరికిందా?" అంది. "నేను దొరికాను" అన్నాను. చివరికి ఫ్యాను పెంచితే పీడ వదిలింది. దోమ బలహీనంగా ఎగురుతుంది, గట్టి గాలికి నిలవలేదు. ఆ పని మొదటే చేసుంటే చెంప మిగిలేది.

ప్రశ్న: వాయిస్ మెసేజ్‌లో నా గొంతు నాకే నచ్చడం లేదు. ఫోను లోపమా?

జవాబు: కాదు. మీరు మాట్లాడేటప్పుడు మీ గొంతు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా మీ చెవికి చేరుతుంది. ఆ దారిలో వచ్చేది కాస్త బరువుగా, నిండుగా ఉంటుంది. రికార్డింగులో గాలి దారి ఒక్కటే మిగులుతుంది, అందుకే పీలగా తోస్తుంది. మీవాళ్ళు ఇన్నేళ్ళూ విన్నది ఆ పీల గొంతునే, అయినా ఫోన్లు చేస్తూనే ఉన్నారు కదా!

ప్రశ్న: చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడేవాళ్ళని చూసి, నాతోనే అనుకుని జవాబు చెప్పేశాను. మీకెప్పుడైనా అయిందా?

జవాబు: అయింది. లిఫ్టులో ఒకాయన నా వైపు చూస్తూ "ఏంటి, చిక్కిపోయావ్?" అన్నాడు. నేను సంబరపడి, పొట్ట లోపలికి లాక్కుని, "పొద్దున్నే నడుస్తున్నానండీ" అన్నాను. ఆయన చెవి మీద వేలు పెట్టి చూపించాడు. ఇంకా నాలుగు అంతస్తులున్నాయి. పొట్ట మాత్రం దిగేదాకా లోపలే ఉంచాను.

ప్రశ్న: చెవికి సుఖమిచ్చేది ఏదైనా చెప్పండి. పాటలు కాకుండా.

జవాబు: ఫ్రిజ్ ఆగిన క్షణం. అది గుర్రుమంటున్నంతసేపూ మనకి వినపడదు, మారకుండా మోగే చప్పుడుని మెదడు పక్కన పెట్టేస్తుంది. ఒక్కసారి కుదుపుతో ఆగుతుంది చూడండీ, అప్పుడు తెలుస్తుంది ఇంతసేపూ ఇంట్లో ఏదో మోగుతోందని. ఈ జవాబు రాస్తుండగా ఇప్పుడే ఆగింది. పక్కగదిలో గడియారం వినపడుతోంది. మళ్ళీ మొదలయ్యేదాకా కలం పక్కన పెడుతున్నాను.