కేకే లైన్‌లో అమ్మానాన్నలను పంపవచ్చా?

మీ అన్నయ్యకు ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి ఇనుప గనుల్లో ఉద్యోగం వచ్చిందని, అరవై దాటిన మీ అమ్మానాన్నలు డిసెంబరు మొదటి వారంలో కావలి నుంచి విశాఖ వెళ్లి, అక్కడ కేకే లైన్‌లో, అంటే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో, నడిచే కిరండూల్ బండి పట్టుకోవాలనుకుంటున్నారని, అది మావోయిస్టుల ప్రాంతం కనుక పంపడానికి మనసు ఒప్పడం లేదని మీరు రాశారు. పంపవచ్చు. అయితే డిసెంబరు మొదటి వారంలో వద్దు, విశాఖలో ఉదయం బయలుదేరే ప్యాసింజరులోనూ వద్దు.

మాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీల్లో నేర్చుకున్న డ్రిల్లింగ్ మెషీన్ల సర్వీసు పని మీద బచేలి, కిరండూల్ గనులున్న బైలడిల్లా కొండల వైపు చాలా ఏళ్లు తిరిగాను. కాబట్టి విన్నదాని కన్నా చూసినదాన్నే ఎక్కువగా చెబుతాను. మీ ప్రశ్నకు ఇప్పటికే వచ్చిన జవాబుల్లో ఒకరు ఏమీ కాదు వెళ్లమన్నారు, మరొకరు ఆ వైపే పోవద్దన్నారు. ఇద్దరూ బచేలి ఉన్న బస్తర్ ప్రాంతం మొత్తాన్ని ఒకే ముద్దగా చూసి మాట్లాడుతున్నారని నా అభిప్రాయం. రైలు ప్రయాణం క్షేమమా కాదా అన్నది ప్రాంతం పేరును బట్టి తేలదు. ఏ రెండు స్టేషన్ల మధ్య, ఏ తేదీన, ఏ వేళలో అన్న మూడింటినీ కలిపి చూస్తేనే తేలుతుంది.

ముందుగా సెక్షన్ సంగతి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైన్ ఉంది. అరకు, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్, గీదం మీదుగా దంతెవాడ చేరేవరకు బండి మామూలుగానే నడుస్తుంది. పట్టాలు తొలగించడం, బండ్లను పడగొట్టడం, ఇంజన్ ఆపి బ్యానర్లు కట్టడం వంటివి ఎక్కువగా జరిగింది దంతెవాడ దాటిన తరువాత కమలూర్, భాన్సీ, బచేలి స్టేషన్ల పరిసరాల్లో. ఆ లైన్ వేసిందే బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. అందుకే ఎర్రటి ఖనిజం నింపుకొని దిగువకు వచ్చే గూడ్సు బండ్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

అంతమాత్రాన ప్రయాణికుల బండి జోలికి ఎవరూ రారని నేను చెప్పను. 2010 మే 28 తెల్లవారకముందే పశ్చిమ బెంగాల్‌లోని ఝార్‌గ్రామ్ దగ్గర పట్టాలు తప్పించడం వల్ల జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ బోగీలు పక్క లైన్ మీద పడ్డాయి. వాటిని ఎదురుగా వచ్చిన గూడ్సు ఢీకొనడంతో 140 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత రైల్వే ఆ సెక్షన్‌లో ప్రయాణికుల బండ్లను రాత్రి పూట నడపడమే చాలాకాలం మానుకుంది, కొన్ని చోట్ల బండికి ముందు పైలట్ ఇంజన్‌ను పంపింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గొడవలున్న చోట ఏ సెక్షన్‌లో ఎంత భయం ఉందో రైల్వే తీసుకునే జాగ్రత్తను బట్టే మనకు అందరికన్నా ముందు తెలుస్తుంది. పత్రికలో వచ్చే వార్త జరిగిపోయినదాని గురించి. రైల్వే ఆ వారం బండిని ఎక్కడిదాకా నడుపుతోందన్నది రేపటి గురించి.

తేదీ సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. జులై 28 నుంచి ఆగస్టు 3 వరకు అమరవీరుల సంస్మరణ వారమని, డిసెంబరు 2 నుంచి 8 వరకు తమ సాయుధ దళమైన పీఎల్‌జీఏ వారోత్సవాలని మావోయిస్టులు జరుపుతూ వచ్చారు. ఆ రోజుల్లోనూ, బంద్‌కు పిలుపునిచ్చిన రోజుల్లోనూ విశాఖ నుంచి వెళ్లే బండ్లను దంతెవాడలోనే ఆపేయడం రివాజు. ఒకసారి అటువంటి వారంలోనే నేను జగదల్‌పూర్ దాటాక, బచేలిలో స్థిరపడిన శ్రీకాకుళం పెద్దావిడ ఒకరు "ఈ వారం బండి దంతెవాడ దాకానే నాయనా" అంటూ టిఫిన్ డబ్బా మూత బిగించి, సంచి సర్దుకొని, దిగవలసిన స్టేషన్ రాకముందే కొడుకుకు ఫోన్ చేసి కారు ఎక్కడ ఆపాలో చెప్పింది. ఆమె ముఖంలో కంగారు అన్నదే లేదు, ఎందుకంటే ఏర్పాటు ముందే ఉంది. అదే బోగీలో కొత్తగా వచ్చిన ఒక కుటుంబం ప్లాట్‌ఫారం మీద సామాన్ల మధ్య నిలబడి, ఎటు పోవాలో తెలియక, కనిపించిన ప్రతి జీపు డ్రైవరునూ అడుగుతూ ఉండిపోయింది. మీ అమ్మానాన్నలకు ఆ పరిస్థితి రాకూడదనే నా తాపత్రయమంతా.

ఎందుకంటే ఆ ప్రాంతంలో రైలు కన్నా రోడ్డు గురించే నాకు ఎక్కువ ఆందోళన. 2023 ఏప్రిల్ 26న అదే దంతెవాడ జిల్లాలోని అరన్‌పూర్ దగ్గర రోడ్డు కింద పెట్టిన మందుపాతర పేలి పదిమంది పోలీసులు, వాళ్ల వాహనం నడుపుతున్న డ్రైవరు చనిపోయారు. బండి దంతెవాడలో ఆగిపోయిందని చీకటి పడ్డాక దొరికిన జీపెక్కి బయలుదేరడమంటే, రైల్వే తప్పించిన ప్రమాదాన్ని మనమే వెతుక్కుంటూ వెళ్లడం. అటువంటప్పుడు రాత్రి దంతెవాడలోనో, వెనక్కి వచ్చి జగదల్‌పూర్‌లోనో బస చేసి, తెల్లవారాకే కదలాలి. ఎంత మర్యాదగా పిలిచినా పోలీసుల వాహనంలో గాని, భద్రతా దళాల వాహనంలో గాని ఎక్కకూడదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, మందుపాతర పెట్టేది వాళ్ల బండి కోసమే కనుక.

ఇక వేళ. కిరండూల్‌కు విశాఖ నుంచి ఉదయం ఒక ప్యాసింజరు, రాత్రి ఒక ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. పేరు చూసి పగటి బండే మంచిదని అందరూ అనుకుంటారు. కానీ పగటి బండి అరకు అందాలు చూపించుకుంటూ రోజంతా నడిచి, దంతెవాడ దాటేసరికి చీకటి పడుతుంది. రాత్రి తొమ్మిది ప్రాంతంలో బయలుదేరే ఎక్స్‌ప్రెస్ అయితే జగదల్‌పూర్‌లో తెల్లవారి, అసలైన సెక్షన్‌ను మంచి వెలుతురులో దాటుతుంది. వేళలు మారుతుంటాయి కనుక టికెట్టు తీసే రోజున బండి దంతెవాడకు ఎన్నింటికి చేరుతుందో చూసుకోండి. మన వైపు నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బయలుదేరితే మర్నాడు పగలు విశాఖ చేరి, స్నానం, భోజనం, కాస్త విశ్రాంతి అయ్యాక ఆ రాత్రి బండి అందుకోవచ్చు. వరుసగా రెండు రాత్రులు బండిలోనే కనుక ఇద్దరికీ లోయర్ బెర్తులు తప్పనిసరి.

2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఎదురుకాల్పుల్లో చనిపోయాక, లొంగుబాట్లు కూడా పెరిగాక, పదేళ్ల కిందటి బస్తర్‌కు ఇప్పటి బస్తర్‌కు చాలా తేడా వచ్చింది. పాత వీడియోలు చూపించి ఈనాటి ప్రయాణాన్ని భయపెట్టేవారి మాట పట్టించుకోకండి. అలాగని అంతా అయిపోయిందన్న ధీమాతో డిసెంబరు 2నే బయలుదేరదీయవలసిన అవసరమూ లేదు. పదో తేదీ తరువాతకు మార్చుకుంటే పోయేదేమీ లేదు కదా. నిజానికి ఆ లైన్ ఆగిపోవడానికి వానలు కూడా పెద్ద కారణమే. 2023 సెప్టెంబరులో మనబార్, జయపురం మధ్య కొండచరియ విరిగిపడి రాకపోకలు చాలా రోజులు నిలిచిపోయాయి. కాబట్టి వర్షాకాలంలో వెళ్లవలసి వస్తే ఆ సంగతీ కనుక్కోవాలి.

గొడవలు లేని చోట ప్రమాదం ఉండదనే నమ్మకం కూడా సరికాదు. 2012 జులై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ తగలబడి 30 మందికి పైగా చనిపోయింది మన నెల్లూరు దగ్గరే. అందుకని మీ అమ్మానాన్నలకు మావోయిస్టుల గురించి చెప్పే ముందు, బోగీలో అత్యవసర కిటికీ ఎక్కడుందో చూసుకోమని చెప్పండి.

బయలుదేరే ముందు రోజు, మళ్లీ విశాఖలో బండి ఎక్కే ముందు, రైల్వే విచారణ నంబరు 139కు ఫోన్ చేసి బండి కిరండూల్ దాకా నడుస్తుందా, దంతెవాడలోనే ఆపేస్తున్నారా అని కచ్చితంగా అడగండి. అంతకన్నా నమ్మదగిన కబురు బచేలిలోనే దొరుకుతుంది. గనుల కాలనీలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఆ వారం బండి ఎందాకా వస్తోందో అక్కడ ఇంటింటికీ తెలుసు. మీ అన్నయ్య కొత్తవాడే అయినా పక్క క్వార్టరులో అడిగితే చాలు. బండి రద్దయితే టికెట్టు డబ్బు పూర్తిగా తిరిగి వస్తుంది, మధ్యలో ఆపేస్తే డబ్బు తిరిగి ఇమ్మని టీడీఆర్ అనే దరఖాస్తు వేయాలి. కానీ డబ్బు పోతుందేమోనన్న ఆలోచనతో మాత్రం ప్రయాణం నిర్ణయించుకోకండి.

తిరుగు ప్రయాణంలో ఈ చిక్కు కొంత తక్కువే, ఎందుకంటే కిరండూల్ నుంచి బండి వస్తుందో లేదో ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది. ఒకవేళ అది దంతెవాడ నుంచే బయలుదేరేటట్లయితే, వెలుతురు ఉండగా వాళ్లను అక్కడికి చేర్చే కారును, తెలిసిన డ్రైవరును మీ అన్నయ్యను ముందే మాట్లాడి పెట్టమనండి.