అన్నయ్య ఇచ్చే బోర్డులో ఈ ప్రాసెసర్ కూర్చుంటుందా?

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను, మాది దిల్‌సుఖ్‌నగర్. గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించుకుందామని ఆఫర్‌లో రైజెన్ 5 7600 ప్రాసెసర్ కొన్నాను, ఇంకా సీలు తీయలేదు. మా పెద్దమ్మగారి అబ్బాయి కొత్తది కొంటూ తన పాత బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకీ కరెంటు అందించే పెట్టె) నాకే ఇచ్చేస్తానన్నాడు. వాటికి ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు కలిపితే చాలా?

జవాబు: సీలు తీయకపోవడం చాలా మంచిదైంది, దాన్ని అలాగే ఉంచండి. 7600 ఆ బోర్డులో కూర్చోదు. బీ450 బోర్డుది ఏఎం4 సాకెట్, అంటే ప్రాసెసర్ అడుగున ఉండే 1331 పిన్నులు బోర్డు రంధ్రాల్లోకి దిగాలి. 7600 ఏఎం5 రకం, దాని అడుగున పిన్నులే ఉండవు, అవి బోర్డు మీద ఉంటాయి. పైగా ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి కాబట్టి 7600 ఉంచుకుంటే అన్నయ్య ఇచ్చే బోర్డూ ర్యామూ రెండూ పనికిరావు, మళ్లీ ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డు, కొత్త ర్యామ్ కొనాలి.

చేతిలో డబ్బుండి, నాలుగైదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు కావాలంటే అది మంచి దారే. కానీ మీరు చదువుకుంటున్నారు, ఇంట్లోనే బోర్డూ ర్యామూ ఊరికే వస్తున్నాయి. నేనైతే 7600 వాపసు ఇచ్చేసి, ఏఎం4 సాకెట్‌లో కూర్చునే రైజెన్ 5 5600 తీసుకుంటాను. 4060 కార్డుకి అది చక్కగా సరిపోతుంది. ఆ పాత బోర్డులో కార్డు వేగం కాస్త తగ్గుతుంది, ఆడేటప్పుడు మీకు పెద్దగా తెలియదు.

అయితే ఒక్క పని మాత్రం బోర్డు ఊడదీయకముందే, అన్నయ్య ఇంట్లోనే చేయించండి. బీ450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో, కాబట్టి ఆ బోర్డుకి పాత బయాస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాం) ఉంటే కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు, ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీద ఏమీ రాదు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు కొట్టి, 5600 ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూసి, అన్నయ్య పాత ప్రాసెసర్ దాంట్లో ఉండగానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. యూపీఎస్ లేకపోతే గాలివాన రోజున మొదలుపెట్టకండి.

ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది వద్దు. కార్డు 115 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్లు అంటారు కాబట్టి లెక్కకి 450 సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ ఏళ్ల తరబడి వాడినదాన్ని కొత్త కార్డుకి తగిలించడం నాకు ఇష్టం లేదు. మంచి కంపెనీది 550 వాట్లు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది తీసుకోండి. కొత్తదానితో వచ్చిన కేబుళ్లే వాడండి. కేబుళ్లు ఊడదీసే రకంలో ఎస్‌ఎంపీఎస్ వైపు కొస ఒకేలా కనిపించినా లోపలి తీగల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. నేను ఒకసారి పాత కేబుల్ ఉంచేసి ఎస్‌ఎంపీఎస్ మార్చాను, స్విచ్ వేసిన క్షణంలో హార్డ్‌డిస్క్ కాలిపోయింది, అందులో మా చెల్లి పెళ్లి ఫొటోలున్నాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

క్యాబినెట్ కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్తే కార్డు పొడవు, బోర్డు సైజు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ముందు భాగం మొత్తం అద్దం ఉన్నది అందంగా ఉంటుంది గానీ మే నెల ఎండల్లో లోపలి వేడి బయటికి పోదు, జాలీ ఉన్నదే అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటర్ బిగించాడు. లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్ అని వస్తోంది. వాడికి ఒకటే టెన్షన్. పార్టు పోయిందంటారా? (ఓ తల్లి, కూకట్‌పల్లి)

జవాబు: కంగారు పడకండమ్మా. ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చాడో చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కి సొంత గ్రాఫిక్స్ ఉండదు, అందుకని పైన మదర్‌బోర్డుకున్న హెచ్‌డీఎంఐలో పెడితే బొమ్మ రాదు. కింద కార్డుకి అడ్డంగా ఉన్న పోర్టులో పెట్టమనండి. అప్పటికీ రాకపోతే కార్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పవర్ కేబుల్ తగిలించాడో లేదో చూసి, ర్యామ్ తీసి క్లిప్పు టక్కుమనేదాకా మళ్లీ నొక్కమనండి.